రొయ్యల కాటా చీటీకి ఏ ఐడీ పెట్టాలి? వరస కుదిరే ఐడీల గురించి వివరంగా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతా వాళ్లకీ అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. కందుకూరు దగ్గర రొయ్యలు కొనే వ్యాపారికి ఆండ్రాయిడ్ యాప్ రాశావు. ఎనిమిది ఫోన్లు చెరువు గట్ల మీద తిరుగుతుంటాయి. అక్కడ సిగ్నల్ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. కాటా వేసిన ప్రతి ట్రేకీ ఫోన్‌లోనే ఒక రికార్డు తయారై, నెట్ దొరికినప్పుడు సర్వర్‌కి చేరుతుంది. ఐడీకి యూయూఐడీ (ఏ యంత్రమైనా సొంతంగా పుట్టించుకోగల 128 బిట్ల గుర్తింపు సంఖ్య) వెర్షన్ 4 వాడావు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో దాన్నే 36 అక్షరాల ప్రైమరీ కీగా (ఒక్కో రికార్డునీ విడిగా గుర్తించే కాలమ్‌గా) పెట్టావు. టేబుల్‌లో 60 లక్షల రికార్డులు దాటాక కొత్తవి ఎక్కడం నెమ్మదించింది. ఐడీ ప్రకారం లిస్టు తీస్తే ముందువి వెనక, వెనకవి ముందు వస్తున్నాయి. వేరే ఐడీ పద్ధతులైన యూలిడ్ మంచిదా, స్నోఫ్లేక్ మంచిదా, లేక సర్వరే 1, 2, 3 అని వరసగా నంబర్లు ఇచ్చే ఆటో ఇంక్రిమెంట్‌కే తిరిగి వెళ్లిపోవాలా అని అడిగావు.

యూయూఐడీ వెర్షన్ 7 వాడు. ఫోన్‌లోనే పుట్టించు. డేటాబేస్‌లో 16 బైట్ల బైనరీగా దాచు. నెమ్మది దీంతోనే చాలావరకు తగ్గుతుంది. కానీ నీ ప్రశ్నలో రెండు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి. ఐడీలు వరసగా ఉండటం డేటాబేస్‌కి సుఖం. ఏ కాటా ముందు జరిగింది, ఏ చీటీ ఇంకా రాలేదు అనే లెక్కకి కూడా ఆ వరసనే నమ్ముకుంటే రైతు డబ్బు ఆగిపోతుంది. ఒకసారి నా వల్ల అలా ఆగింది. ఆ సంగతి కింద రాస్తాను, దాన్ని మాత్రం దాటేయకుండా చదువు.

ముందు నెమ్మది ఎందుకు వచ్చిందో చూద్దాం. మైఎస్‌క్యూఎల్ డేటా దాచడానికి వాడే ఇన్నోడీబీలో రికార్డులు ఒక చోట, ప్రైమరీ కీ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచే పట్టిక) ఇంకో చోట ఉండవు. ప్రైమరీ కీ వరసలోనే రికార్డులన్నీ పేర్చి ఉంటాయి. వాటిని పేజీలు అనే ముక్కలుగా దాస్తుంది, ఒక్కో పేజీ మామూలుగా 16 కిలోబైట్లు. కొత్త రికార్డు ఎప్పుడు వచ్చినా సరే, దాని కీ ఏ పేజీలో పడాలో ఆ పేజీలోకే వెళ్లాలి. వెర్షన్ 4లో 128 బిట్లకు 122 బిట్లు ఇష్టమొచ్చినట్టు పడే అంకెలే. అందుకని ఈ ట్రే రికార్డు టేబుల్ మొదట్లోకి పోతుంది, తర్వాతి ట్రే నడిమధ్యకి, ఆ తర్వాతది ఎక్కడో చివరికి. బీరువా నిండా చీటీల కట్టలు సర్ది పెట్టుకుని, కొత్త చీటీ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక అరలోని కట్ట తీసి, విప్పి, మధ్యలో దూర్చి, మళ్లీ కట్టి పెట్టినట్టు ఉంటుంది. కట్టలో చోటు లేకపోతే దాన్ని రెండు కట్టలు చెయ్యాలి. పేజీ స్ప్లిట్ అంటే అదే. విడిపోయిన పేజీలు రెండూ సగం సగమే నిండి ఉంటాయి. వరసగా ఎక్కిస్తే ఇన్నోడీబీ పేజీలు 16లో 15 వంతుల దాకా నిండుతాయి. చెదురుమదురుగా ఎక్కిస్తే సగం నుంచి ఆ మధ్యలో ఎక్కడైనా ఆగిపోతాయి.

టేబుల్ చిన్నగా ఉన్నన్నాళ్లు పేజీలన్నీ మెమరీలోనే ఉంటాయి కాబట్టి ఈ బాధ బయటపడదు. టేబుల్ మెమరీని దాటిన రోజు నుంచి ప్రతి కొత్త రికార్డుకీ డిస్క్ మీద నుంచి ఒక పాత పేజీ తెచ్చుకోవాల్సి వస్తుంది. నీకు మొదట్లో అంతా బాగానే ఉండి ఇప్పుడు ఒక్కసారిగా బరువెక్కినట్టు అనిపించడానికి కారణం ఇదే.

దీనికి తోడు ఆ 36 అక్షరాలు. ఇన్నోడీబీలో మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ప్రైమరీ కీ కాపీ ఒకటి ఉంటుంది. రైతు పేరు మీద, తేదీ మీద, వ్యాన్ మీద, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) మీద నాలుగు ఇండెక్స్‌లు ఉన్నాయనుకో. అసలు టేబుల్‌తో కలిపి ఒక్కో రికార్డుకి ఐడీ ఐదు చోట్ల కూర్చుంటుంది. అక్షరాలుగా అయితే 180 బైట్లు, బైనరీగా అయితే 80. రికార్డుకి 100 బైట్లు తేడా, 60 లక్షల రికార్డులకి 60 కోట్ల బైట్లు. ఐడీ పద్ధతి మార్చకపోయినా ఈ ఒక్క మార్పుతోనే సర్వర్ ఊపిరి పీల్చుకుంటుంది.

ఆటో ఇంక్రిమెంట్ చెడ్డదని నేను అనను. ఒకే సర్వర్, ఎప్పుడూ నెట్ ఉండే ఆఫీసు అయితే దాన్ని మించింది లేదు. కానీ ఆ నంబరు ఇచ్చేది సర్వర్. గట్టు మీద సర్వర్ లేదు. ఫోన్‌లో తాత్కాలిక నంబరు పెట్టి తర్వాత మార్చుకుందాం అనుకుంటే, ట్రే చీటీకి కట్టి ఉంటుంది, చీటీ వ్యాన్ లోడ్‌కి, లోడ్ చెల్లింపుకి. ఒక్క నంబరు మారితే ఆ గొలుసంతా మార్చాలి. ఒక్కో ఫోన్‌కీ ముందే పది వేల నంబర్ల చొప్పున పంచి పెట్టే పద్ధతి కూడా ఉంది. పనిచేస్తుంది. కాకపోతే యాప్ తీసేసి మళ్లీ వేసుకున్న ఫోన్‌కి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక తంటా వస్తుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చీటీ మీద ఈరోజు 4,812, రేపు 5,090 కనిపిస్తే నీ వ్యాపారి రోజుకి ఎంత కొంటున్నాడో పోటీ వాళ్లకి చెప్పినట్టే.

ఇక వరస కుదరడం అంటే ఏమిటో చూద్దాం. నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డుకి ప్రోగ్రామ్ రాశాను. వాళ్లు బ్లాకుల మీద తేదీ, ఆ రోజు సీరియల్ కలిపి పెయింట్‌తో రాసేవాళ్లు. 5-11-3 అంటే నవంబర్ 5న వచ్చిన మూడో బ్లాకు. అదే రాతను ఐడీగా పెట్టాను. కంప్యూటర్ అక్షరాలను ఎడమ నుంచి ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతుంది. దానికి 10 అనే రాత 9 కంటే ముందు వస్తుంది, ఎందుకంటే 1 అనే గుర్తు 9 కంటే చిన్నది. ఒకే ఏడాదిలో డిసెంబర్ 1, జనవరి 2 కంటే ముందు నిలబడుతుంది. మనిషికి కుదిరిన వరస యంత్రానికి కుదరలేదు. ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ పనికొస్తోంది. పెద్ద కొలత ఎడమవైపు ఉండాలి, చిన్నది కుడివైపు ఉండాలి, ప్రతి భాగానికీ వెడల్పు ఒకటే ఉండాలి, ఖాళీని సున్నాలతో నింపాలి. 2024-12-26 అని రాస్తే తేదీ దానంతట అదే వరసలో కూర్చుంటుంది.

ఇప్పుడు పేర్లు మారుమోగుతున్న ఐడీలన్నీ చేసేది ఈ ఒక్క పనే. ఎడమవైపు కాలం, స్థిరమైన వెడల్పులో. దాని వెనక, ఇద్దరికి ఒకే ఐడీ రాకుండా కాపాడే యాదృచ్ఛిక అంకెలు. పాత యూయూఐడీ వెర్షన్ 1లో కూడా కాలం ఉంది. 1582 అక్టోబర్ 15 నుంచి 100 నానోసెకన్ల లెక్కన కొలుస్తుంది. కానీ అందులో కాలం తాలూకు చిన్న భాగాన్ని ముందు పెట్టి పెద్ద భాగాన్ని వెనక పెట్టారు. నా గ్రానైట్ బ్లాకుల తప్పే అది. అందుకే వెర్షన్ 1లో కాలం ఉన్నా వరస కుదరదు.

వెర్షన్ 7ని 2024 మే నెలలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9562 అనే ఇంటర్నెట్ ప్రమాణంలో చేర్చారు. మొదటి 48 బిట్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లు. తర్వాత 4 బిట్లలో వెర్షన్ నంబరు 7. తర్వాత 12 బిట్లు, ఆ పైన రకాన్ని చెప్పే 2 బిట్లు, చివర 62 బిట్లు. 12, 62 కలిపి 74 బిట్లు యాదృచ్ఛికం. ఒక ఉదాహరణ చూడు:

01940001-2345-7316-8205-974418063529

మామూలుగా వీటిలో ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా కలిసి వస్తాయి. చూడటానికి తేలికగా ఉంటుందని అంకెలే ఉన్నదాన్ని ఎంచుకున్నాను. గీతలు తీసేసి మొదటి 12 అంకెలు, అంటే 019400012345, పదహారు ఆధారం నుంచి మామూలు పది ఆధారానికి మార్చితే 1,735,166,862,149 మిల్లీసెకన్లు వస్తుంది. అది 2024 డిసెంబర్ 25 రాత్రి 10 గంటల 47 నిమిషాల 42 సెకన్లు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) కాలం. మన గడియారంలో డిసెంబర్ 26 తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలు. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) సరిగ్గా ఆ వేళల్లోనే కదా నడిచేది! ఐడీలోంచి తేదీ తీసి రోజువారీ లెక్క వేస్తే ఈ చీటీ ముందు రోజు ఖాతాలో పడుతుంది. మన అర్ధరాత్రి యూటీసీలో ముందు రోజు సాయంత్రం ఆరున్నర. రొయ్యల వ్యాపారంలో ధర రోజుకోలా ఉంటుంది, కౌంట్‌ని బట్టి మారుతుంది. చీటీ ఒక రోజు వెనక్కి జరిగితే రైతుకి వేరే ధర కట్టిన వాళ్లమవుతాం. కాబట్టి ఐడీలోంచి తేదీ తీసి రిపోర్టులు రాయకు. కాటా సమయానికి విడిగా కాలమ్ పెట్టు, దాని మీద ఇండెక్స్ పెట్టు, లిస్టు దాని ప్రకారమే చూపించు.

ఒకే ఐడీ రెండుసార్లు రాదా అనే భయం అందరికీ ఉంటుంది. 74 బిట్లు అంటే 19 పక్కన 21 సున్నాలు పెడితే వచ్చేంత సంఖ్య. రెండు ఫోన్లు ఒకే మిల్లీసెకనులో ఐడీ పుట్టించినా, రెండూ అన్ని సంఖ్యల్లోంచి ఒకే సంఖ్యను ఎంచుకోవాలి. నీ ఎనిమిది ఫోన్లకి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఒక షరతు మాత్రం ఉంది. ఆ యాదృచ్ఛిక అంకెలు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే భద్రమైన మూలం నుంచే రావాలి. ఆండ్రాయిడ్‌లో సెక్యూర్‌రాండమ్ ఉంది, అది వాడు. గడియారం చూసి మొదలుపెట్టే చవక రాండమ్ వాడితే, ఒకే క్షణంలో తెరిచిన రెండు ఫోన్లు ఒకే అంకెల వరసను పుట్టించగలవు. అప్పుడు 74 బిట్లు ఉన్నా లేనట్టే.

యూలిడ్ 2016లో వచ్చింది. అందులోనూ కాలం 48 బిట్లే, వెనక 80 బిట్లు యాదృచ్ఛికం. అంకెల్లాగే కనిపించే ఐ, ఎల్, ఓ అక్షరాలనూ, యూ అక్షరాన్నీ తీసేసిన 32 గుర్తులతో 26 అక్షరాలుగా రాస్తారు. ఫోన్‌లో చదివి చెప్పడానికి అది నయమే. నువ్వు ఇప్పటికే అది వాడుతూ ఉంటే మార్చమని చెప్పను. కొత్తగా మొదలుపెడుతున్నావు కాబట్టి, యూయూఐడీ అంటే తెలిసిన ప్రతి లైబ్రరీ, ప్రతి డేటాబేస్ అర్థం చేసుకునే వెర్షన్ 7 నయం. కావాలంటే వెర్షన్ 7 తాలూకు 128 బిట్లను కూడా అదే 32 గుర్తుల్లో 26 అక్షరాలుగా చూపించుకోవచ్చు. కేసూయిడ్ అని ఇంకోటి ఉంది, 27 అక్షరాలు, పెద్ద చిన్న ఇంగ్లీష్ అక్షరాలు రెండూ వాడుతుంది. మైఎస్‌క్యూఎల్ 8లో మామూలుగా ఉండే కొలేషన్‌కి (అక్షరాలను పోల్చే నియమానికి) పెద్ద ఎ, చిన్న ఎ రెండూ ఒకటే. అక్కడ వరసా పోతుంది, రెండు వేర్వేరు ఐడీలు ఒకటేనని కూడా అనుకోగలదు. దాని జోలికి పోవద్దు.

స్నోఫ్లేక్ ట్విటర్ వాళ్లు 2010లో తెచ్చిన పద్ధతి. 64 బిట్లే కాబట్టి సగం చోటులో సరిపోతుంది. 41 బిట్లు మిల్లీసెకన్లు, 10 బిట్లు యంత్రం నంబరు, 12 బిట్లు సీరియల్. ఒక యంత్రం ఒక మిల్లీసెకనులో 4,096 ఐడీలు ఇవ్వగలదు. సర్వర్ల మధ్య చాలా బాగుంటుంది. కానీ ప్రతి యంత్రానికీ వేరే నంబరు ఉండేలా ఎవరో ఒకరు చూసుకోవాలి. చెరువు దగ్గర ఫోన్ నీళ్లలో పడుతుంది, పాతది పక్కన పెట్టి తమ్ముడి ఫోన్‌లో యాప్ వేస్తారు, ఒకే నంబరు రెండు ఫోన్లకి వెళుతుంది. అక్కడ యాదృచ్ఛికం ఏమీ లేదు కాబట్టి రెండు ఐడీలు కలిసిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. ఇంకో చిక్కు వెబ్ పేజీలో వస్తుంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్య 9,007,199,254,740,991 దాకా మాత్రమే కచ్చితంగా ఉంటుంది. 64 బిట్ల ఐడీ దాన్ని దాటితే చివరి అంకెలు మారిపోతాయి, ఏ ఎర్రరూ రాదు. ట్విటర్ కూడా అందుకే ఐడీని అక్షరాల రూపంలో కూడా పంపాల్సి వచ్చింది.

ఐడీ పుట్టించే కోడ్‌లో రెండు జాగ్రత్తలు పెట్టు. ఫోన్ గడియారం నెట్ తగిలినప్పుడు తనను తాను సరిచేసుకుంటుంది, అప్పుడు వెనక్కి కూడా జరగవచ్చు. కిందటిసారి వాడిన మిల్లీసెకను గుర్తుపెట్టుకో. ఇప్పటి సమయం దానికంటే చిన్నదైతే పాతదాన్నే వాడు. రెండోది, ఒక్క నొక్కుతో 40 ట్రేలు సేవ్ అయితే అవన్నీ ఒకే మిల్లీసెకనులో పడతాయి, వాటి మధ్య వరస యాదృచ్ఛికం అయిపోతుంది. ఆ 12 బిట్లను చిన్న కౌంటర్‌గా వాడుకోవడానికి ప్రమాణమే అనుమతి ఇస్తుంది. మంచి లైబ్రరీలు ఈ రెండూ చేస్తాయి. నువ్వు తీసుకునే లైబ్రరీ చేస్తుందో లేదో, ఒక లూప్‌లో లక్ష ఐడీలు పుట్టించి ప్రతిదీ ముందుదానికంటే పెద్దదా అని చూసుకో.

ఇప్పుడు నేను దాటేయొద్దన్న సంగతికి వద్దాం.

2019లో కావలి వైపు ఒక కొనుగోలుదారుకి నీలాంటి యాప్ నేనే రాశాను. యూలిడ్ వాడాను, ఫోన్‌లోనే పుట్టించాను, అన్నీ సరిగ్గానే చేశాను అనుకున్నాను. ఆఫీసు కంప్యూటర్ ప్రతి రెండు నిమిషాలకీ సర్వర్‌ని అడిగేది: "నా దగ్గర ఉన్న చివరి ఐడీ కంటే పెద్దవి ఏమైనా ఉంటే ఇవ్వు." ఐడీలు కాలం వరసలో ఉన్నాయి కాబట్టి కొత్తవన్నీ వచ్చేస్తాయని నా ధీమా.

ఒక రాత్రి విడవలూరు వైపు వెళ్లిన ఫోన్‌కి రెండు గంటల నుంచి ఏడు గంటల దాకా సిగ్నల్ లేదు. మూడు గంటల పది నిమిషాలకి అక్కడ ఒక చెరువు కాటా అయింది. ఈలోపు అల్లూరు దగ్గర సిగ్నల్ ఉన్న ఇంకో ఫోన్ ఐదు నలభైకి చీటీలు పంపింది. ఆఫీసు కంప్యూటర్ ఐదు నలభై ఐడీ దాకా వచ్చేసింది. ఏడు గంటలకి మూడు పది నాటి చీటీలు సర్వర్‌కి చేరాయి. వాటి ఐడీలు చిన్నవి. ఆఫీసు ఎప్పటికీ పెద్దవే అడుగుతుంది. అవి సర్వర్‌లో ఉండిపోయాయి, ఆఫీసు షీటులోకి రాలేదు. చెల్లింపులు ఆ షీటు చూసే చేస్తారు.

ఆ రైతు డబ్బు కోసం మూడుసార్లు వచ్చాడు. చేతిలో ప్రింటర్ చీటీ ఉంది. ఆఫీసులో అలాంటి చీటీయే లేదన్నారు. మేత కొట్టులో అప్పు ఉంది, తర్వాతి పంటకి రొయ్య పిల్ల తెచ్చుకోవాలి. నేను రెండు రోజులు ఫోన్ గడియారాలు వెతికాను, ఏదో తప్పు సమయం చూపిస్తోందని. ఒక్కటీ తప్పు లేదు. ఐడీలూ సరైనవే. తప్పంతా నా ఊహది. ఐడీ పుట్టిన వరస వేరు, సర్వర్‌కి చేరిన వరస వేరు. నేను ఒకటి ఇంకోటనుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని ఆ విషయం వివరించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

గడియారాలన్నీ సరిగ్గా ఉంటేనే ఇలా జరిగింది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి, నెట్ లేకుండా తెరిచిన ఫోన్ కొన్నేళ్ల వెనకటి తేదీ చూపించడం కూడా నేను చూశాను. వేర్వేరు యంత్రాల గడియారాలను బట్టి ఏది ముందు జరిగిందో తేల్చలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే తన పరిశోధన పత్రంలో వివరించారు. ఐడీలో మిల్లీసెకన్లు ఉన్నంత మాత్రాన ఆ ఇబ్బంది పోదు.

కాబట్టి నీ టేబుల్‌లో ఐడీతో పాటు ఈ నాలుగు కాలమ్‌లు ఉండాలి. ఫోన్ చెప్పిన కాటా సమయం. సర్వర్‌కి చేరిన సమయం. సర్వర్ తనంతట తాను ఇచ్చే చేరిక నంబరు; ఇది ఆటో ఇంక్రిమెంట్, మైఎస్‌క్యూఎల్‌లో ప్రైమరీ కీ కాకపోయినా దాని మీద ఇండెక్స్ ఉంటే చాలు. నాలుగోది ఫోన్ కోడ్‌తో కలిపి ఆ ఫోన్ వేసుకునే వరస నంబరు, 1, 2, 3 అంటూ, మధ్యలో ఖాళీ లేకుండా.

ఆఫీసు కంప్యూటర్ అడగాల్సింది చేరిక నంబరు ప్రకారం. ఎంత ఆలస్యంగా వచ్చిన చీటీకైనా కొత్త చేరిక నంబరు వస్తుంది కాబట్టి అది తప్పిపోదు. ఇక్కడ కూడా సన్నని సందు ఒకటి ఉంది. రెండు ట్రాన్సాక్షన్లు (డేటాబేస్‌లో రికార్డులు ఎక్కించే పనులు) ఒకేసారి నడుస్తుంటే 101 నంబరు ముందు ఖరారై, 100 ఒక క్షణం తర్వాత ఖరారు కావచ్చు. మధ్యలో అడిగినవాడు 101 చూసి 100ని వదిలేస్తాడు. ప్రతిసారీ చివరి కొన్ని నిమిషాలవి మళ్లీ తెచ్చుకో. ఐడీ ఒకటే కాబట్టి రెండుసార్లు వచ్చినా నష్టం లేదు, ఉన్నదాని మీదే పడుతుంది.

ఫోన్‌లో ఐడీ పుట్టించడం వల్ల దక్కే అసలు లాభం ఇదే. నెట్ మధ్యలో తెగి, చీటీ వెళ్లిందో లేదో తెలియక ఫోన్ మళ్లీ పంపినా సర్వర్‌లో ఒక్కటే ఉంటుంది. అందుకు ఐడీని సేవ్ నొక్కినప్పుడే పుట్టించాలి, పంపేటప్పుడు కాదు. పంపేటప్పుడు పుట్టిస్తే మళ్లీ పంపిన ప్రతిసారీ కొత్త ఐడీ వస్తుంది, ఒకే ట్రే రెండుసార్లు తూగినట్టు లెక్క పడుతుంది.

ఫోన్ వరస నంబరు ఎందుకంటే, యూయూఐడీ ఎంత గొప్పదైనా ఒక్క పని చెయ్యలేదు. ఏది రాలేదో చెప్పలేదు. రెండు ఐడీల మధ్య ఇంకోటి ఉండాలా వద్దా అన్నది దాన్ని చూసి తెలుసుకోలేం. పాతకాలం కాటా చీటీ పుస్తకాల్లో ముందే నంబర్లు అచ్చు వేసి ఉండేవి. 141, 143 వచ్చి 142 రాకపోతే గుమస్తా వెంటనే అడిగేవాడు. చీటీ చినిగిపోయినా, పాడైనా ఆ సగం కాగితం చూపించాల్సిందే. ఆ తెలివిని యాప్‌లోకి తెచ్చుకో. ఏడో ఫోన్ నుంచి 142 ఇంకా రాలేదని ఆఫీసు స్క్రీన్ మీద ఎర్రగా కనిపించాలి. రైతుకి ఇచ్చే చీటీ మీద కూడా ఈ పొట్టి నంబరే వేయి, 7-142 అని. 36 అక్షరాలు ఎవరూ ఫోన్‌లో చదివి చెప్పలేరు.

ఈ నాలుగూ పెట్టి ఉంటే నా రైతు మూడుసార్లు తిరిగేవాడు కాదు.

చిన్న విషయాలు కొన్ని. ఆలస్యంగా చేరిన వెర్షన్ 7 ఐడీలు సరిగ్గా టేబుల్ చివరే పడవు, కొన్ని గంటల వెనక పేజీల్లో పడతాయి. ఆ పేజీలు ఇంకా మెమరీలోనే ఉంటాయి కాబట్టి వేగం తగ్గదు. ఐడీలో పుట్టిన సమయం ఎవరైనా చదవగలరు. అది దాచాల్సిన విషయమైతే బయటికి వేరే ఐడీ చూపించు. ఏ రకం ఐడీనైనా పాస్‌వర్డ్‌లా వాడకు, చీటీ లింకు తెరిచేవాళ్లని లాగిన్‌తోనే ఆపాలి. నీ స్నేహితుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నాడన్నావు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 18వ వెర్షన్‌లో వెర్షన్ 7 పుట్టించే ఫంక్షన్ అందులోనే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లు మాత్రం ఆగి చూసుకోవాలి. దాని సొంత ఐడీ రకం చివరి ఆరు బైట్లను ముందు పోలుస్తుంది, అక్కడ వెర్షన్ 7 వరస కుదరదు. రికార్డులను అనేక యంత్రాలకి కీ ప్రకారం పంచే గూగుల్ స్పానర్ లాంటి డేటాబేస్‌లలో కాలం వరస ఐడీ బరువంతా ఒకే యంత్రం మీద వేస్తుంది. అక్కడ వెర్షన్ 4 చెదరడమే మేలు.

ఇక నీ పాత 60 లక్షల రికార్డులు. వాటి ఐడీలు మార్చకు. రైతుల దగ్గర చీటీలు ఉన్నాయి, చెల్లింపులు వాటికి కట్టి ఉన్నాయి. వెర్షన్ 4, వెర్షన్ 7 రెండూ 16 బైట్లే, ఒకే కాలమ్‌లో పక్కపక్కన ఉండగలవు. కొత్త బైనరీ కాలమ్ పెట్టి పాతవాటిని యూయూఐడీ_టూ_బిన్ ఫంక్షన్‌తో మార్చు. ఆ ఫంక్షన్‌కి రెండో విలువగా 1 ఇవ్వమని చాలా చోట్ల రాసి ఉంటుంది. అది వెర్షన్ 1 కోసం, కాలం భాగాలను అటూ ఇటూ మార్చడానికి. వెర్షన్ 7కి 1 ఇస్తే కుదిరిన వరస చెడిపోతుంది. రెండో విలువ ఇవ్వనే వద్దు. మైఎస్‌క్యూఎల్ సొంత యూయూఐడీ ఫంక్షన్ ఇచ్చేది వెర్షన్ 1, దాన్నీ వాడకు.

మార్పిడి తర్వాత కూడా ఐడీ ప్రకారం లిస్టు తీస్తే గందరగోళంగానే కనిపిస్తుంది, కంగారు పడకు. వెర్షన్ 7 ఐడీలన్నీ 2039 దాకా 01తోనే మొదలవుతాయి. నీ పాత వెర్షన్ 4 ఐడీలు 256 రకాల మొదళ్లతో టేబుల్ అంతా పరుచుకుని ఉన్నాయి. సుమారు 23 వేలు కొత్తవాటితో కలిసి 01 దగ్గర ఉంటాయి, కొన్ని ముందు, మిగతావన్నీ వెనక. ఎక్కించడానికి ఇబ్బంది లేదు, కొత్తవన్నీ ఒకే చోట పడుతున్నాయి కదా. చూపించడానికి మాత్రం కాటా సమయమే.

పట్టుబడులు తక్కువగా ఉండే వారం చూసి ఈ పని పెట్టుకో. ముందు రోజు రాత్రి ఎనిమిది ఫోన్లూ సిగ్నల్ ఉన్న చోటికి తెప్పించి, ప్రతి ఫోన్‌లోనూ పంపాల్సిన చీటీలు సున్నా అయ్యాయని నువ్వే కళ్లారా చూడు. ఫోన్ చేసి అడిగితే "అయిపోయాయి" అనే అంటారు. కొత్త యాప్ వేశాక ఒక ఫోన్‌ని రెండు గంటలు ఫ్లైట్ మోడ్‌లో ఉంచి పది చీటీలు రాయి, ఈలోపు ఇంకో ఫోన్ నుంచి పది పంపు, తర్వాత మొదటిదాన్ని నెట్‌కి కలుపు. ఆఫీసు షీటులో ఇరవై కనిపించాక మిగతా ఆరు ఫోన్లకీ వేయి. ఆ పరీక్షలో ఏదైనా తక్కువైతే టేబుల్ నిర్మాణం, సింక్ అడిగే క్వెరీ రెండూ ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.